ఎవరి అరుగు మీద విన్న కథ

మా ఊరి శాఖా గ్రంథాలయంలో చారిత్రక నవలలకు విడిగా ఒక బీరువా ఉండేది. దాని అద్దం ఎప్పుడో పగిలితే పాత క్యాలెండరు అట్ట అడ్డం పెట్టారు. అడివి బాపిరాజు గారి గోన గన్నారెడ్డి, హిమబిందు, నోరి నరసింహశాస్త్రి గారి రుద్రమదేవి, తెన్నేటి సూరి గారి చెంఘిజ్ ఖాన్ అన్నీ అందులోనే. హైస్కూల్లో చదివే రోజుల్లో వాటిని ఒక్కొక్కటిగా ఇంటికి మోసుకొచ్చి, రాత్రి పొద్దుపోయేదాకా చదివి, నాన్న చేత తిట్లు తిని, మళ్ళీ అదే బీరువా ముందు నిలబడేదాన్ని. చారిత్రక నవల అంటే కోట ఉండాలి, గుర్రాలుండాలి, వేగులవాడు చీకట్లో నడవాలి, ఎవరో ఒక రాజుగారు కొలువులో గంభీరంగా మాట్లాడాలి. అవి లేనిది చారిత్రక నవల ఎలా అవుతుంది?

నండూరి రామమోహనరావు గారు తెనిగించిన టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ మాత్రం పిల్లల బీరువాలో ఉండేవి. అవి ఆంధ్ర వారపత్రికలో వచ్చే రోజుల్లో మా పెద్దమ్మ కొడుకులు ఎగబడి చదివారట. నా దాకా వచ్చేసరికి పుస్తకాలయ్యాయి, అట్టలు కూడా ఊడిపోయాయి. హక్, జిమ్ తెప్ప మీద మిసిసిపీలో కొట్టుకుపోతుంటే నాకు మా తుంగభద్రే కనిపించేది. వానాకాలం తప్ప నిండుగా పారని నదిని పట్టుకుని అంత పెద్ద మిసిసిపీని ఊహించుకోవడం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పటికి నాకున్న నది అదొక్కటే. జిమ్ బానిస అని తెలుసు. బానిస అంటే ఏమిటో తెలియదు. పారిపోతున్న మనిషి దొరక్కూడదని మాత్రం గట్టిగా కోరుకునేదాన్ని.

ఆ హక్ పుస్తకం కూడా గడిచిపోయిన కాలం గురించిందేనని అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఇంగ్లిషు ప్రతిలో ముఖపత్రం మీదే మార్క్ ట్వేన్ స్పష్టంగా రాసుకున్నాడు: స్థలం మిసిసిపీ లోయ, కాలం నలభై యాభై ఏళ్ళ కిందట. పుస్తకం ఇంగ్లండులో 1884 చివర్లో, అమెరికాలో 1885లో వచ్చింది. అంటే కథ జరిగింది 1830లు, 40ల్లో. మధ్యలో ఉత్తరాదికీ దక్షిణాదికీ ఒక అంతర్యుద్ధం జరిగింది, బానిసత్వం రద్దయింది. జిమ్ పారిపోతున్నది, పుస్తకం వచ్చేనాటికే చట్టంలో లేని బానిసత్వం నుంచి. మరి అది రద్దయి దాదాపు ఇరవై ఏళ్ళయ్యాక ట్వేన్ ఆ నది మీదికి మళ్ళీ ఎందుకు వెళ్ళినట్టు? ఈ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా, ఉస్మానియాలో తగిలింది. దాని కంటే ముందు మా అవ్వ గురించి చెప్పాలి.

మాది కర్నూలు జిల్లా. ఇంటి ముందు నాపరాళ్ళు పరిచిన అరుగు. ఎండ తగ్గగానే అవ్వ అక్కడ కూర్చుని, నశ్యం డబ్బీ పక్కన పెట్టుకుని, ధాత కరువు కథలు ఎత్తుకునేది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. అవ్వ పుట్టింది అది గడిచి పాతికేళ్ళయ్యాక. అయినా ఆమె చెప్పే తీరు వేరు. "మేం చింతగింజలు వేయించుకుని తిన్నాం. పశువులను తోలుకొచ్చి ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు" అనేది. ఆ 'మేం'లో ఆమె లేదు. వాళ్ళ అవ్వ ఉంది. చిన్నప్పుడు వాళ్ళ అవ్వ దగ్గర విన్నదాన్ని ఈమె తనదిగా చేసుకుంది. తారీఖులు అడిగితే విసుక్కునేది. "కడుపు కాలుతుంటే తారీఖు ఎవరు చూశారు?" అనేది.

(టామ్ సాయర్ అచ్చయింది కూడా 1876లోనే. అవ్వకు ఆ సంగతి చెబితే "అయితే ఏమి?" అంది. నిజమే, అయితే ఏమీ లేదు.)

1980ల మొదట్లో ఉస్మానియాలో ఎం.ఎ. ఇంగ్లిషులో చేరాను. అదే ఆవరణలో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ ఉండేది. అమెరికా సాహిత్యం మీదో చరిత్ర మీదో ఈ దేశంలో పరిశోధన చేసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి రావలసిందే. కలకత్తా నుంచి, కేరళ నుంచి వచ్చినవాళ్ళు రోజంతా పుస్తకాల మధ్య తలవంచుకుని కూర్చునేవారు. శాఖా గ్రంథాలయంలో పెరిగిన నాకు అన్ని అరలు, అన్ని పుస్తకాలు ఒకే చోట చూడడం తిరునాళ్ళే. మా మాస్టారొకరు చీటీ రాసిస్తే లోపలికి వెళ్ళాను. తర్వాత చీటీ అవసరం లేకుండా పోయింది, అక్కడివాళ్ళకు నా ముఖం అలవాటైపోయింది.

ఆ మాస్టారు అమెరికన్ నవల చెప్పే పద్ధతే వేరు. మొదటి రోజే ఒక ఠావు కాగితం తెచ్చుకోమన్నారు. మూడు గడులు గీయించారు. కథ జరిగిన కాలం, పుస్తకం వచ్చిన ఏడాది, రెండింటికీ మధ్య దూరం. ఏ నవల చదివినా ముందు ఈ మూడూ నింపాలి. కొన్ని వారాలు గడిచాక నా కాగితం చూసి, "ఇంకో గడి గీసుకో అమ్మా. ఈ కథ ఈయనకు ఎవరు చెప్పారు అన్నది అందులో రాయి. చరిత్రకారుడు ఆధారం చూపిస్తాడు, చూపించకపోతే ఊరుకోరు. నవల రాసేవాడు చూపించక్కర్లేదు. అందుకే మనం వెతకాలి" అన్నారు. నాలుగో గడికి నేను 'అరుగు' అని పేరు పెట్టుకున్నాను. ఆయన చూసి నవ్వారు గాని కొట్టివేయలేదు.

ఆ కాగితంలో మొదటి వరుస నథానియెల్ హాథార్న్ రాసిన 'ద స్కార్లెట్ లెటర్', వ్యభిచారం చేసిందని ఊరు రొమ్ము మీద ఎర్రటి 'ఎ' అక్షరం తగిలించిన ఒక స్త్రీ కథ. కథాకాలం 1640లు, బోస్టన్. పుస్తకం 1850. దూరం రెండు వందల ఏళ్ళు. అరుగు? ఇక్కడే హాథార్న్ గడుసుదనం. ఆయన సేలం కస్టమ్స్ కార్యాలయంలో ఉద్యోగం చేశాడు, ప్రభుత్వం మారాక 1849లో అది పోయింది. నవలకు ముందు పెట్టిన పెద్ద ఉపోద్ఘాతంలో, ఆ కార్యాలయం పై అంతస్తులో పాత కాగితాల మధ్య ఎర్రటి గుడ్డ ముక్క దొరికిందనీ, అది 'ఎ' అక్షరం ఆకారంలో ఉందనీ, కొలిచి చూస్తే ఒక్కో కాలు సరిగ్గా మూడుంపావు అంగుళాలు ఉందనీ రాస్తాడు. గుండెకు ఆనించుకుంటే కాలినట్టయిందట. గుడ్డా లేదు, కాగితాలూ లేవు, అంతా కల్పన. కాని ఆ మూడుంపావు అంగుళాలు ఉన్నాయే, వాటితో మనల్ని కట్టిపడేస్తాడు. ఆయన ముత్తాతల్లో ఒకరైన జాన్ హాథార్న్ 1692లో సేలం మంత్రగత్తెల విచారణలో న్యాయమూర్తి. ఆ విచారణల్లో పందొమ్మిది మందిని ఉరితీశారు, తప్పు చేశానని గాని చేయలేదని గాని సమాధానం చెప్పని ఒక ముసలాయన మీద రాళ్ళు పేర్చి చంపారు. అంటే ఈ మనవడు కూర్చున్న అరుగు నిందమోపినవాళ్ళది, నిలబడి చూసింది నిందపడ్డవాళ్ళ వైపు. నాలుగో గడిలో నేను 'సొంత ఇంటి సిగ్గు' అని రాశాను.

ఫెనిమోర్ కూపర్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగలేదు. 1757 నాటి అడవి యుద్ధాన్ని 1826లో రాశాడు. మూలవాసులను ఉదాత్తంగానే చూపించాడు గాని, అంతరించిపోయేవాళ్ళుగా ముందే తీర్పు చెప్పేశాడు. ఆయన రాసిన ఒక నవలలో పేజీలో మూడింట రెండు వంతుల చోటులో, సాధ్యమైన 115 సాహిత్య నేరాల్లో 114 చేశాడని ట్వేన్ లెక్కగట్టాడు. ఆ వ్యాసం చదువుతూ గ్రంథాలయంలో పైకి నవ్వి, పక్కనున్న పరిశోధకుడి చేత చురచురా చూపించుకున్నాను.

ట్వేన్ దగ్గర మాత్రం నెలల తరబడి ఉండిపోయాను. ఒక రోజు పెద్ద పటం ముందు పరుచుకుని హక్, జిమ్ ప్రయాణం వేలితో కొలిచాను. వాళ్ళు బయలుదేరిన మిసోరి బానిస రాష్ట్రం. నది అవతల ఇల్లినాయ్ కాదు. మరి అవతలి గట్టుకు పోకుండా దిగువకు ఎందుకు పోతున్నారు? పారిపోయినవాళ్ళను పట్టిచ్చి డబ్బు తీసుకునేవాళ్ళు ఆ గట్టు మీద కూడా ఉన్నారు కాబట్టి. ఒహాయో నది కలిసే కైరో దాకా దిగి, అక్కడ పడవెక్కి ఒహాయో మీదుగా ఎగువకు పోవాలని వాళ్ళ ఆలోచన. పొగమంచులో కైరో దాటిపోతుంది. అక్కడి నుంచి నది వాళ్ళను ప్రతి రాత్రీ ఇంకా లోతైన బానిసల సీమలోకి తీసుకుపోతుంది. చిన్నప్పుడు నేను సంతోషంగా చదువుకున్న ఆ తెప్ప ప్రయాణం జిమ్‌కు ప్రతి మలుపులోనూ మెడకు బిగుస్తున్న ఉచ్చు. పరిచి ఉన్న పటం ముందు చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అదే నవలలో తుఫానులో విరిగి, రాతికి తట్టుకున్న ఆవిరి పడవ ఒకటి వస్తుంది. దాని పేరు వాల్టర్ స్కాట్. చిన్నప్పుడు అదొక పేరంతే. అసలు సంగతి ఏమిటంటే, సర్ వాల్టర్ స్కాట్ చారిత్రక నవలలంటే ట్వేన్‌కు ఒళ్ళుమంట. కోటలు, వీరులు, పరువు ప్రతిష్ఠలు అంటూ ఆయన పుస్తకాలు దక్షిణాది దొరల బుర్రలు పాడుచేశాయనీ, అంతర్యుద్ధానికి చాలావరకు ఆయనే బాధ్యుడనీ 1883లో మిసిసిపీ మీద రాసిన పుస్తకంలో తేల్చేశాడు. అతిశయోక్తే. అయినా గుర్రాల నవలలు తిని పెరిగిన నాకు కాస్త గుచ్చుకుంది. రాజులు లేని దేశంలో చారిత్రక నవల ఎలా ఉండాలో ట్వేన్ చేసి చూపించాడు: చెప్పులు లేని ఒక పిల్లవాడు, పారిపోతున్న ఒక మనిషి, ఒక తెప్ప.

ఆయన అరుగు ఎక్కడిది? ఒకటి మిసోరిలో పినతండ్రి పొలం. అక్కడ డాన్ అనే నడివయసు బానిస ఉండేవాడు, పిల్లలందరికీ నేస్తం. అతన్నే జిమ్‌గా పుస్తకంలోకి తెచ్చానని ట్వేన్ ఆత్మకథలో చెప్పుకున్నాడు. రెండోది నిజంగా అరుగే. న్యూయార్క్ రాష్ట్రం ఎల్మైరాలో ఆయన వదినగారి కొండమీది పొలం. హక్ కథ చాలా భాగం రాసింది కూడా వేసవుల్లో అక్కడే. ఆ ఇంటి వంటమనిషి మేరీ ఆన్ కార్డ్, ఒకప్పటి బానిస. ఒక సాయంత్రం ఇంటి ముందు అందరూ కూర్చుని ఉండగా, ఆమె మెట్ల మీద, వాళ్ళకంటే కింద కూర్చుంది. ఎప్పుడూ నవ్వుతూ ఉంటావు, అరవై ఏళ్ళుగా నీకు కష్టమే ఎరుగకుండా ఎలా బతికావు అని ట్వేన్ అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. భర్తను, ఏడుగురు పిల్లలను ఒక్కొక్కరినీ వేలంలో అమ్మేసిన రోజు. పదమూడేళ్ళ తర్వాత, యుద్ధకాలంలో, సైనికాధికారుల వంటింట్లో పొయ్యి దగ్గర వంగి రొట్టెల పళ్ళెం తీస్తుంటే తన ముఖం కిందికి వచ్చిన ఒక నల్లటి కుర్రాడి ముఖం. మణికట్టు మీద, నుదుటి మీద పాత మచ్చలు చూసి కొడుకును గుర్తుపట్టడం. చెబుతూ చెబుతూ ఆమె ఎప్పుడో లేచి నిలబడింది. ఇప్పుడు కింద కూర్చున్నది వాళ్ళు. ట్వేన్ దాన్ని 1874లో అట్లాంటిక్ మాసపత్రికలో అచ్చు వేయించాడు. పదేళ్ళకు హక్ వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన చదివినవాళ్ళకు, జిమ్ తన పిల్లలను తలుచుకుని ఏడ్చే చోటు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

స్టీఫెన్ క్రేన్‌ది తమాషా. 1865లో అంతర్యుద్ధం ముగిసింది, ఈయన పుట్టింది 1871లో. 'ద రెడ్ బ్యాడ్జ్ ఆఫ్ కరేజ్' 1895లో పుస్తకంగా వచ్చేటప్పటికి ఇరవై మూడేళ్ళవాడు, ఒక్క తూటా పేలడం చూడలేదు. మాజీ సైనికులు పత్రికల్లో రాసుకున్న జ్ఞాపకాలన్నీ చదివి, ఏం చేశారో తెగ చెబుతున్నారు గాని ఏమనిపించిందో ఒక్కరూ చెప్పరేం అని విసుక్కున్నాడట. వాళ్ళు మింగేసిన భయాన్నే ఈయన రాశాడు. యుద్ధం చూసినవాళ్ళు చదివి, ఈ కుర్రాడు మన దళంలోనే ఉండి ఉంటాడనుకున్నారు. తర్వాత గ్రీసులో నిజం యుద్ధం చూసి, నా పుస్తకం సరిగ్గానే ఉంది అన్నాడట. ఇరవై ఎనిమిదేళ్ళకే పోయాడు.

ఇక 'గాన్ విత్ ద విండ్'. మా హాస్టల్లో ఆ పుస్తకం ఒకే ఒక్క ప్రతి, వెన్ను చీలి రెండు ముక్కలైంది. మొదటి ముక్క ఒక గదిలో, రెండోది ఇంకో గదిలో. రెండో ముక్క కోసం కాచుకుని కూర్చునేవాళ్ళం. సికింద్రాబాదులో ఇంగ్లిషు సినిమాలు ఆడే హాల్లో ఆ సినిమా వేస్తే గుంపుగా వెళ్ళి, మధ్యలో విరామం ఇచ్చేసరికే అందరం స్కార్లెట్ ఓహారా అయిపోయాం. మర్నాడు క్లాసులో ఆ మత్తు దిగకముందే మాస్టారు కాగితం తీయమన్నారు.

కథాకాలం 1861 నుంచి. పుస్తకం 1936. దూరం డెబ్బై అయిదేళ్ళు. అరుగు? మార్గరెట్ మిచెల్ 1900లో అట్లాంటాలో పుట్టింది. చిన్నతనంలో ఆదివారాలు బంధువుల ఇళ్ళలో, ఓడిపోయిన సైన్యంలో పోరాడిన ముసలివాళ్ళ ఒళ్ళో కూర్చుని యుద్ధం కథలు వింది. వాళ్ళు ఎంత కళ్ళకు కట్టినట్టు చెప్పారంటే, దక్షిణాది ఓడిపోయిందన్న సంగతి పదేళ్ళు వచ్చేదాకా తనకు తెలియదని ఆమే చెప్పుకుంది. మాస్టారు ఇంతవరకే చెప్పి, "వెయ్యి ముప్పై ఏడు పేజీల్లో మామీ అసలు పేరేమిటో చూసి రండి" అన్నారు. స్కార్లెట్‌ను పెంచిన ఆ నల్లజాతి దాదికి పుస్తకం మొత్తంలో పేరు లేదు. వెతికాం. దొరకలేదు. అరుగు మీద కథ చెప్పిన ముసలివాళ్ళకు ఆ పేరు అవసరం పడలేదు, విన్న పిల్లకూ పడలేదు.

సినిమాలో మామీగా వేసిన హ్యాటీ మెక్‌డేనియల్ 1939 డిసెంబరులో అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకు రాలేకపోయింది. జార్జియాలో తెల్లవాళ్ళతో కలిసి హాల్లో కూర్చునే వీల్లేదు. మూడు నెలలు తిరక్కుండా ఆస్కార్ గెలిచింది, ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి నటి. ఆ రాత్రి కూడా తన సినిమావాళ్ళందరి బల్ల దగ్గర కాదు, గోడ పక్కన విడిగా వేసిన చిన్న బల్ల దగ్గర కూర్చుంది. అయినా ఆ నవల మీద నాకు మోజు పూర్తిగా పోలేదు. ఆకలితో మట్టి తవ్వి దుంప తినే చోటు ఈ రోజుకూ నాకు ఇష్టమే. ఒక పుస్తకం అబద్ధం చెబుతోందని తెలిశాక కూడా అది బాగా చెబుతోందని ఒప్పుకోవలసి రావడం చదివేవాళ్ళకు తప్పని బాధ.

ఎం.ఎ. రోజులు దాటాక, ఒక వేసవిలో 'ఏడు తరాలు' నా చేతికి వచ్చింది. అలెక్స్ హేలీ తన వంశం కథగా రాసిన 'రూట్స్'కు సహవాసి గారి తెలుగు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణ. బస్సులో మొదలుపెట్టి ఊరికి చేరేలోపు పారిపోయే కుంటా కింటే వెంట నేనూ పరుగెడుతున్నాను. అవ్వకు అప్పటికే చూపు తగ్గింది. "ఏమి పుస్తకమే అంత ముఖం పెట్టుకుని చదువుతున్నావు?" అంది. సరేనని సాయంత్రాలు అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చదివి వినిపించాను.

గాంబియాలోని జుఫ్ఫురే అనే ఊళ్ళో, 1750లో, కుంటా పుట్టిన ఎనిమిదో రోజున తండ్రి ఒమోరో బిడ్డను ఎత్తుకుని, ఎవరికంటే ముందు వాడి చెవిలోనే వాడి పేరు చెబుతాడు. తన పేరు మొదట తనకే తెలియాలి కదా. ఇది వినగానే అవ్వ సర్దుకుని కూర్చుంది. "మనమూ చెవిలోనే కదా చెప్పేది!" అంది. ఆ క్షణం నుంచి కుంటా మా ఇంటివాడయ్యాడు. పదిహేడేళ్ళ వయసులో మృదంగానికి కర్ర తెచ్చుకోవడానికి వెళ్ళి పట్టుబడతాడు. లార్డ్ లిగోనియర్ అనే ఓడలో 140 మందిని ఎక్కిస్తే, 1767 సెప్టెంబరు 29న అన్నాపోలిస్ రేవులో దిగింది 98 మంది. పారిపోయినందుకు పాదం సగం నరికేస్తారు. కుంటా ప్రతి అమావాస్య వెళ్ళి నెలపొడుపు కనిపించగానే ఒక గులకరాయి సొరకాయ బుర్రలో వేసి తన వయసు లెక్క పెట్టుకుంటాడు. కూతురు కిజీని అమ్మేసిన రోజు ఆ బుర్రను నేలకేసి కొడతాడు. ఆ అమ్మాయి చేసిన నేరం, చదువు నేర్చుకుని, పారిపోయే కుర్రాడికి దొంగ అనుమతి చీటీ రాసివ్వడం. "చదువు వచ్చినందుకా అమ్మేసింది?" అని అవ్వ రెండుసార్లు అడిగింది. ఆమెకు సంతకం కూడా రాదు.

కిజీ కొడుకు కోడిపందేల జార్జి వచ్చాక బాగా నవ్వింది. కాని ఏ సాయంత్రం పుస్తకం మూసినా ఆమె అడిగే ప్రశ్న ఒకటే: "వాళ్ళమ్మకు తెలిసిందా?" కుంటా తల్లి బింటా. కథ ఓడెక్కాక మళ్ళీ ఆమె దగ్గరికి పోదు. వర్జీనియా, నార్త్ కరోలినా, టెనెసీ అంటూ తరాల వెంట ముందుకే పోతుంది. "తెలియదవ్వా" అని చెబుతూ వచ్చాను. చివర్లో హేలీ జుఫ్ఫురే వెళతాడు. అక్కడ వంశాల కథలు నోటికి చెప్పే ముసలాయన కింటేల వంశం ఏకరువు పెడుతూ, రాజుగారి సైనికులు వచ్చిన కాలంలో పెద్దకొడుకు కుంటా కట్టెలకని వెళ్ళాడు, మళ్ళీ కనబడలేదు అంటాడు. ఆ వాక్యం చదవగానే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "అంటే ఆమెకు అంతే తెలిసింది" అంది. ఆ రోజు ఇక చదవనివ్వలేదు.

హేలీ అరుగు గురించి వేరే వెతకనక్కర్లేదు, ఆయనే రాశాడు. టెనెసీలోని హెన్నింగ్ అనే చిన్న ఊళ్ళో అమ్మమ్మ సింథియా, ఆమె అప్పచెల్లెళ్ళు ఇంటి ముందు వసారాలో ఊగే కుర్చీల్లో కూర్చుని, నశ్యం పట్టించి, మిణుగురులను చూస్తూ 'ఆఫ్రికావాడి' కథ చెప్పుకునేవాళ్ళు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. హేలీని పాతిపెట్టింది కూడా ఆ ఇంటి ముందే. 1976లో, అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రెండు వందల ఏళ్ళ పండుగ ఏడాదిలో పుస్తకం రావడం, మరుసటి ఏడాది జనవరిలో వరుసగా ఎనిమిది రాత్రులు టీవీలో ధారావాహికగా చూపించడం, దేశం దేశమే కూర్చుని చూడడం అందరికీ తెలిసిన కథ.

వివాదాలూ అంతే పెద్దవి. తన పాత నవల 'ది ఆఫ్రికన్' నుంచి కొన్ని భాగాలు తీసుకున్నారని హెరాల్డ్ కూర్లాండర్ దావా వేస్తే, 1978లో 6,50,000 డాలర్లకు రాజీ కుదిరింది. అమెరికాలో దొరికిన దస్తావేజులు హేలీ చెప్పిన వంశవృక్షంతో పొసగడం లేదని వంశచరిత్ర పరిశోధకులు చూపించారు. జుఫ్ఫురే ముసలాయన చెప్పింది హేలీ వినదలుచుకున్నదేమో అన్న అనుమానమూ వచ్చింది. నేను లెక్చరరు ఉద్యోగంలో చేరాక ఇవన్నీ పిల్లలకు దాచకుండా చెప్పాను. దొంగతనం దొంగతనమే, అందులో మొహమాటం అక్కర్లేదు. దస్తావేజుల సంగతికి వచ్చేసరికి మాత్రం నాకు నోరు రాదు. ఆస్తుల పట్టీల్లో పేరు కూడా రాయకుండా వయసు, ధర మాత్రం రాసిన మనుషుల విషయంలో దస్తావేజు ఏది అని అడగడం మరీ సులువైన పని. మా అవ్వ 'మేం చింతగింజలు తిన్నాం' అన్నప్పుడు నేను సాక్ష్యం అడగలేదు.

టోనీ మారిసన్ 'బిలవ్డ్' 1987లో వచ్చింది. దాన్ని నేను పాఠం చెప్పడానికే చాలా ఏళ్ళు జంకాను. 1856 జనవరిలో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ గడ్డకట్టిన ఒహాయో నది మీదుగా కెంటకీ నుంచి సిన్సినాటికి కుటుంబంతో పారిపోయింది. పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు ఇంటిని చుట్టుముట్టగానే, తిరిగి బానిసత్వంలోకి పోకూడదని రెండేళ్ళ కూతురిని చంపేసింది. ఆమెను హంతకురాలిగా విచారించాలా, యజమానికి తిరిగి అప్పగించాల్సిన సొత్తుగా చూడాలా అన్నది వాదన. సొత్తు అనే తేలింది. ఒక ప్రచురణ సంస్థలో సంపాదకురాలిగా ఉన్నప్పుడు మారిసన్‌కు ఆ నాటి పత్రిక ముక్క ఒకటి దొరికింది. అంతకు మించి ఆమె కావాలనే వెతకలేదు. మిగతాదంతా కల్పించింది. అరుగు లేనివాళ్ళ కథ అది. కథ చెప్పే వయసు దాకా బతకని పిల్ల తానే వచ్చి ఇంట్లో కూర్చుంటుంది. బానిసలను తలుచుకోవడానికి ఒక స్తూపం లేదు, దారి పక్కన ఒక బల్ల కూడా లేదు అని మారిసన్ 1989లో అంటే, ఆమె పాఠకుల సంఘంవాళ్ళు 2008లో సౌత్ కరోలినాలోని సలివన్స్ దీవిలో నిజంగానే ఒక బల్ల వేశారు.

ఉద్యోగం అయిపోయాక అమ్మాయి దగ్గరికి మేరీలాండ్ వెళ్ళినప్పుడు నన్ను అందరూ తీసుకుపోయేవి గుడికీ, దుకాణాలకూ. నేను అన్నాపోలిస్ అన్నాను. ఆ రేవు ఇప్పుడు తెల్లటి తెరచాప పడవలతో, ఐస్‌క్రీం తినే జనంతో, నౌకాదళం అకాడమీ కుర్రాళ్ళతో కళకళలాడుతూ ఉంటుంది. నీటి ఒడ్డునే హేలీ కంచు విగ్రహం. ఒళ్ళో పుస్తకం తెరుచుకుని, ఎదురుగా కూర్చున్న ముగ్గురు పిల్లలకు కథ చెబుతూ ఉంటాడు. ముగ్గురివీ మూడు రకాల ముఖాలు. 1981లో అక్కడ కుంటా కింటే పేరుతో మొదట ఒక ఫలకం పెడితే రెండు రోజుల్లోనే ఎవరో ఎత్తుకుపోయారు, మళ్ళీ కొత్తది చేయించి పెట్టారు. మా మనవరాలు విగ్రహాల పిల్లల పక్కన నాలుగోదానిలా చతికిలబడి ఫోటో తీయించుకుంది. "ఈయన ఎవరు అమ్మమ్మా?" అంది. చెప్పడం మొదలుపెట్టాను. కారు పార్కింగు గడువు అయిపోతోందని అల్లుడు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

ఆ పిల్ల ఇప్పుడు కాలేజీ. ఈ మధ్య నాకు తనే పుస్తకాలు చెబుతోంది. పెర్సివల్ ఎవరెట్ 'జేమ్స్' అలా వచ్చిందే. 2024లో అచ్చయి, ఆ ఏడాదే నేషనల్ బుక్ అవార్డు, మరుసటి ఏడాది పులిట్జర్ తెచ్చుకుంది. హక్ కథే, చెప్పేది మాత్రం జిమ్. తనవాళ్ళ మధ్య చక్కటి భాష మాట్లాడతాడు, తెల్లవాళ్ళు వినేటప్పుడు మాత్రం వాళ్ళు కోరుకునే యాసలోకి దిగుతాడు. అలా మాట్లాడడం పిల్లలకు పాఠంగా నేర్పుతాడు. ఆ పాఠం చెప్పే అధ్యాయం చదివి, లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. ఎల్మైరాలో మెట్ల మీద కూర్చున్న మేరీ ఆన్ కార్డ్ ట్వేన్‌కు చెప్పకుండా అట్టేపెట్టుకున్నది ఎంత ఉందో కదా అనిపించింది.

కాని రెండో సగంతో నాకు పేచీ ఉంది. ట్వేన్ తన కథను 1840ల దగ్గర పెట్టాడు. ఎవరెట్ దాన్ని యుద్ధం మొదలయ్యే 1861 దాకా జరిపేశాడు. జిమ్‌కూ హక్‌కూ మధ్య ఒక రహస్యం కూడా చివర్లో బయటపెడతాడు, అది నాకు బొత్తిగా అవసరమనిపించలేదు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమీ కాకపోవడమే కదా ఆ స్నేహం గొప్పతనం! మనవరాలు ఒప్పుకోదు. "నువ్వు ఇంకా పిల్లల బీరువాలోనే ఉన్నావు అమ్మమ్మా" అంటుంది. కాలం జరపడం తప్పెలా అవుతుందని కూడా అడిగింది. వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు జవాబు చెబుతానన్నాను, ఈలోపు 1861 నాటి కైరో పటం ఒకటి వెతుకుతున్నాను.